వినకుంటే మైల లేదు

మా ఇంట్లో జట్కాకు మా నాయన యజమాని, పొయ్యికి మా అమ్మ యజమాని, నీళ్ళకు మా అవ్వ యజమాని. నేను నా నోటికి తప్ప దేనికీ యజమానిని కాను. మూడో తరగతిలోనే మా ఐవారు, "ఇంక నీకు చెప్పేదానికి నా దగ్గర ఏమీ లేదురా" అని ఇంటికి పంపించేసినాడు. అంతా నేర్చేసుకున్నందుకే పంపించినాడని నేను ఈ దినానికీ చెప్పుకుంటా ఉంటాను.

యుద్ధం జరుగుతా ఉండిన ఆ ఏండ్లలో తిరుపతిలో రెండేండ్లు వరసగా వాన మొగం చాటేసింది. మా పెరటి బాయి అడుగు కనిపించింది. ఏముండాదో సూద్దామని ఇంటిల్లిపాదీ వంగి సూసినాము. నా చిన్నప్పుడు నేనే పారేసి, పక్కింటోళ్ళు ఎత్తుకుపోయినారని ఏడ్చి నమ్మించిన మా అమ్మ రాగి చెంబు బురదలో మెరుస్తా ఉండాది. నీళ్ళు ఎండిపోతే నిజాలు కూడా బయట పడతాయని ఆ దినమే తెలిసింది. అప్పటికి నాకు పందొమ్మిదేండ్లు, పాత్రల అంగట్లో పని. అయినా మా అమ్మ ఒకటి తగిలించింది.

వీధి చివర బాయిలో మాత్రం కొంచెం ఊట ఉండేది. వీధి పెద్దలు కూచోని వంతు పెట్టినారు, ఇంటికి దినానికి నాలుగు బిందెలు అని. మేము నలుగురు మనుషులము, ఒక గుర్రము. గుర్రానికి రెండు బిందెలు. అది తాగకుంటే జట్కా కదలదు, జట్కా కదలకుంటే మాకు కూడు లేదు. కాబట్టి ఇంట్లో మర్యాద దానిదే. మిగిలిన రెండు బిందెల్లో వంట, తాగేది, పాత్రలు, స్నానాలు అన్నీ. పాత్రలకు నీళ్ళే తాకించేది కాదు మా అమ్మ, బూడిదతో రుద్ది గుడ్డతో తుడిచేది. పగలంతా అంగట్లో తళతళలాడే బిందెలు అమ్మి, ఇంటికి వస్తే తడి అనేది సూడని గిన్నెలో అన్నం తినేవాణ్ణి.

స్నానానికి మనిషికి ఒక చెంబు. అది అవ్వ శాసనం. ఆ చెంబుతో ఎట్ల చేసేదో కూడా ఆమే నేర్పించేది.

"ముందు తుండుగుడ్డ తడుపు. ఒళ్ళంతా రుద్దు. పిండు. మళ్ళా రుద్దు. ఆఖర్న మిగిలిండేది నెత్తిన పోసుకో. నెత్తిన పోస్తే కాళ్ళ దాకా అదే పోతాది, నువ్వేం దానికి దోవ సూపించబల్లేదు."

"అవ్వా, మోకాలి దాకా వచ్చి ఆరిపోతా ఉండాది."

"అట్లయితే కొంచెం పొట్టిగా పుట్టాల్సిండె."

స్నానం చేసేది ఇనప బాండ్లిలో నిలబడి. బాండ్లిలో మిగిలిన నీళ్ళలో పేడ కలిపి పొద్దున్నే మా అమ్మ వాకిట్లో చల్లి, దాని మీద ముగ్గు వేసేది. అంటే మా నాయన ఒంటి మట్టి మీద దినం ఒక పద్మం పూసేదన్న మాట. నాయన చెంబు ఎత్తుకున్నప్పుడల్లా "గోవిందా" అని మూడు మాట్లు గట్టిగా అరిచేవాడు. ఎంత భక్తి అని వీధిలో అనుకునేవాళ్ళు. చెంబు అయిపోయింది అని ఆయన బాధ.

ఎండాకాలం ముదిరినాక నేను కొండకు పోయి గుండు కొట్టించుకొని వచ్చినాను. తలకు పట్టే నీళ్ళు మిగులుతాయని. అవ్వ నా గుండు నిమిరి, "దేవుడు కూడా సంతోషపడింటాడు, నేను కూడా" అనింది. వారం తిరక్కుండానే నాయన కూడా గుండు కొట్టించుకొని వచ్చినాడు. ఈ ఇంటికి ఏం పెద్ద మొక్కు ఉండాదో అని ఇరుగుపొరుగు గుసగుసలాడినారు.

ఈ మాదిరి బతుకుతా ఉంటే, ఒక దినం గూడూరు నించి కార్డు వచ్చింది.

గూడూరులో మా పెద్దవ్వ ఉండేది. మా అవ్వకు తోడికోడలు. ఇద్దరూ ఒకే ఏడు కోడండ్లుగా ఒకే ఇంట్లో అడుగు పెట్టినోళ్ళు, ఒకే పొయ్యి ఊదినోళ్ళు, ఒకరి తల ఒకరు రుద్దుకొని నీళ్ళు పోసుకున్నోళ్ళు. ఆ తర్వాత మా నాయన పెండ్లిలో పెద్దవ్వ పప్పు నోట్లో పెట్టుకొని, "ఈ పప్పులో ఈదొచ్చు" అనిందంట, పందిరంతా వినేటట్టు. ఆ దినం నించి మా అవ్వ ఆమెతో మాట్లాడలా. ఇరవై ఏండ్లు దాటిపోయింది. పెద్దవ్వ కొడుకు, అంటే మా చిన్నాయన, గూడూరు రైలు జంక్షన్లో ఇంజన్లకు బొగ్గు ఎత్తే పని చేసేవాడు. ఆయన అప్పుడప్పుడు రాసే కార్డుల్లో పెద్దవ్వ మంచం పట్టిందని ఏడాది నించి వింటా ఉన్నాము. మా అవ్వ వింటా, వినిపించుకోనట్టు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటా ఉండేది.

కార్డు తెచ్చిన టపా ఆయనకు ఒక అలవాటు. కార్డు చేతికి ఇచ్చే ముందే అందులో సంగతి నోటితో చెప్పేసేవాడు. మా వీధిలో చదువు రానోళ్ళకు ఆయన దేవుడు, చదువు వచ్చినోళ్ళకు ఆయన తలనొప్పి. ఆ దినం కూడా వాకిట్లో నిలబడి, "అవ్వా, గూడూరు నించి. మీ వాళ్ళు రాసింది ఏమంటే..." అన్నాడు.

అవ్వ కంటికి కార్డు మూల కనపడింది. మూల నల్లగా ఉండాది.

శుభానికి రాసే కార్డుకు మూలల్లో పసుపు పెడతారు. మూల నలుపుంటే సావు కబురు. మా వైపు పిల్లోడికి కూడా తెలుసు.

"నోరు మూయప్పా!" అని అవ్వ ఒక కేక పెట్టింది. ఆ కేకకు కొట్టంలో గుర్రం కూడా చెవులు నిలబెట్టింది. "ఒక్క మాట చెప్పినావంటే సూడు!"

"అది కాదవ్వా, ఇందులో..."

"ఇందులో ఏముండాదో నువ్వే ఉంచుకో. నా చెవిలో పడకూడదు."

మా అవ్వ బడి మొగం సూడలేదు గానీ, మైల సంగతుల్లో ఆమెను మించిన ప్లీడరు తిరుపతిలో లేడు. దూరంగా ఉండే దాయాదులు పోతే మైల ఎప్పుడు పడతాది? కబురు విన్నప్పుడు. విన్న క్షణం నించి ఇంటిల్లిపాదికీ కట్టుబట్టలతో తలస్నానం. గుడ్డలన్నీ ఉతకాలి. ఇల్లంతా కడగాలి. అన్నిటికంటే ఘోరం, ఇంట్లో నిలవ ఉండే నీళ్ళు పారబోయాలి. ఈ కరువులో అవన్నీ జరగాలంటే మా వీధి వాళ్ళంతా వారం దినాలు గొంతెండిపోయి మాకు నీళ్ళు మోయాల.

"వినకుంటే మైల లేదు" అని అవ్వ తీర్పు చెప్పింది. "నీళ్ళు కూడినాక వింటాము."

కార్డు ఇంట్లోకి రాకూడదని, చదవకూడదని, రాత ఉండే వైపు కిందికి తిప్పి గుర్రపు కొట్టం చూర్లో చెక్కించింది. టపా ఆయన నోరు తెరిచి, మూసి, పోయినాడు పాపం. ఆయన ఉద్యోగంలో అంత కష్టం ఎప్పుడూ పడి ఉండడు.

ఇంక నీళ్ళు కూడబెట్టాలి. యాడ కూడబెట్టేది? ఇంట్లో పెడితే కబురు విన్న క్షణమే అవి మైలపడిపోతాయి. దీనికి కూడా అవ్వ ఒక దోవ కనిపెట్టింది. కొట్టంలో గుర్రపు తొట్టి ఉండాది కదా, అందులో పొయ్యమనింది.

"తొట్టిలో నీళ్ళు గుర్రానివి. గుర్రానికి గూడూరులో సుట్టాలెవురూ లేరు. మైల దానికి తగలదు."

నాయన, నేను ఒకరి మొగాలు ఒకరు సూసుకున్నాము. స్నానాలు మానేసినాము. చెంబు స్నానం కాస్తా తడిగుడ్డ స్నానం అయింది. మిగిల్చిన ప్రతి చెంబూ తీసుకుపోయి తొట్టిలో పోసినాము. పొద్దున సూస్తే తొట్టి ఖాళీ. గుర్రం మూతి నాక్కుంటా మా వైపు మర్యాదగా సూసింది. దాని నీళ్ళు అది తాగింది, తప్పేముండాది?

రెండో దినం కూడా అంతే. మూడో దినం తొట్టి మీద పలక మూస్తే, మూతితో నెట్టేసి తాగింది. గుర్రం నిగనిగలాడతా ఉండాది, మేము మాత్రం ఉప్పు పట్టిన ఊరగాయల మాదిరి ఉన్నాము.

టపా ఆయన దినమూ వచ్చేవాడు. కార్డులేవీ లేకున్నా వచ్చేవాడు.

"చదివినారా?"

"లేదప్పా, గుర్రం తాగేసింది."

"చదవండప్పా, బాగుంటారు!"

"పోతావా లేదా?" అని లోపల నించి అవ్వ.

మూడో దినం మధ్యాన్నం నేను అంగడి నించి కూటికి వచ్చినాను. అవ్వ కొట్టం ముందర నేల మీద కూచోని, చూరు వైపు సూస్తా ఉండాది. నీళ్ళ లెక్క సూసుకుంటా ఉండాదేమో అనుకొని ఎగతాళికి పోయినాను.

"ఏం అవ్వా, పెద్దవ్వ కార్డులో నించి దిగి వస్తాదా?"

అవ్వ చూరు మీది నించి కన్ను తీయకుండానే అనింది.

"చదవలేదు కదరా. చదవనంత వరకూ అక్క ఉండాది."

అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలా. నీళ్ళ కోసం కాదు ఈమె కార్డును చూర్లో పెట్టింది. ఇరవై ఏండ్లు మాట్లాడకుండా ఉండేదానికి ఇష్టపడిన మనిషికి, ఇంక ఎప్పటికీ మాట్లాడే వీలు లేదని వినడం ఇష్టం లేదు. అంతే.

నాలుగో దినం పొద్దున అవ్వ వీధి బాయి దగ్గర వంతుకు పోయినప్పుడు నేనే కార్డు తీసినాను. నా ఏర్పాటు నేను సేసుకున్నాను. సావు కబురే అయితే నేను ఒక్కణ్ణే విన్నట్టు, మైల నా ఒక్కడిదే, యాడన్నా మునిగి వస్తాను, ఆమెకు మెల్లగా చెప్తాను అని. గుర్రం పక్కన నిలబడి చదవడం మొదులుపెట్టినాను. మూడో తరగతి చదువుతో బొగ్గు ఎత్తే చేతి రాతను చదవడమంటే ఎట్లుంటాదో మీకు చెప్పినా తెలీదు. ఒక్కో అక్షరాన్నీ పట్టుకొని, పక్కదానితో పెండ్లి చేసి, మళ్ళా ముందుకు పోవాల.

మొదుటి మాట 'క్షేమం'. దానికే నాకు చెమట పట్టింది. సావు కబురుకు ఎవురూ క్షేమం అని రాయరు. తర్వాత మెల్లమెల్లగా మిగిలింది దొరికింది.

"అమ్మకు బాగలేదు. లేచి కూచోలేదు. కోడలు పోస్తే తలకు పోసుకోనంటాది. చిన్నమ్మ వచ్చి తల రుద్ది నీళ్ళు పోస్తే గానీ పోయేది లేదంటాది. ఎన్ని దినాలుంటాదో చెప్పలేము. చిన్నమ్మను వెంటనే పంపించేది. బొగ్గు పని మధ్యలో రాస్తా ఉన్నాను, కార్డుకు మసి అంటింది, ఏమీ అనుకోవద్దు."

నాలుగు దినాలు! నేను కార్డు పట్టుకొని బాయి దగ్గరికి పరిగెత్తినాను. నా చేతిలో కార్డు సూసి అవ్వ బిందె కింద పెట్టి రెండు చెవులూ మూసుకునింది.

"చెప్పొద్దురా!"

"అవ్వా, బతికే ఉండాది!"

"వినపడలా! నాకేం వినపడలా!"

"బతికుండాది అవ్వా! నిన్ను రమ్మనింది!"

"చెప్పొద్దంటే వినవేమిరా, నా నీళ్ళన్నీ..."

చేతులు పట్టి లాగి, చెవిలో అరిచినాను. బాయి దగ్గర ఉండే ఆడోళ్ళంతా విన్నారు. అవ్వ మాత్రం ఆఖర్న వినింది. విని, అట్లే బాయి గట్టు మీద కూలబడింది. ఆమె మొదుట సంతోషపడతాది అనుకున్నాను. కాదు.

"ఈ నాలుగు దినాలు ఎవురు తిరిగిస్తారురా నాకు?" అనింది.

ఆ దినమే రైలెక్కినాము, అవ్వ, నేను. చేతిలో ఒక మూట. అందులో నువ్వుల నూనె, దంచిన శీకాయ, ఒక పాత చీర. వేరే ఏమీ లేదు. ప్రతి స్టేషన్‌లో రైలు ఆగితే అవ్వ మొగం ముడుచుకునేది. రేణిగుంటలో ఇంజన్ ఒక పెద్ద గొట్టం కింద నిలబడి నీళ్ళు తాగింది. తాగింది, తాగింది, మా వీధి వాళ్ళంతా వారం తాగేది ఒక్క తడవ నిలబడి తాగింది.

"దీని దప్పిక పాడుగాను! ఇంకెంత సేపు?" అని అవ్వ కిటికీలో నించి ఇంజన్ మీద అరిచింది. నీళ్ళు పారతా ఉంటే ఆమె కండ్లు అప్పగించి సూడకుండా ఉండింది నాకు తెలిసి అది ఒక్కసారే.

గూడూరులో చిన్నాయన ఉండేది రైలు వాళ్ళ ఇండ్ల వరసలో. వాకిలి పది గజాల దూరంలో ఉండగానే అవ్వ ఆగిపోయింది.

"నువ్వు పోయి సూసి రా. వాకిట్లో జనం కూచోనుంటే... చెప్పొద్దు. ఊరికే వచ్చేయ్."

నేను పోయినాను. వాకిట్లో జనం లేరు. లోపల నించి ఒక ముసలి గొంతు, "అమ్మే, గంజి అంటే గంజి మాదిరి కాసుకోవాల, కుడితి మాదిరి కాదు!" అని కోడల్ని తిడతా ఉండాది. నేను వెనక్కి తిరిగి అవ్వకు చేయి ఊపే లోపల, ఆ గొంతు ఆమెకూ వినిపించేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, చెప్పకుండానే వచ్చేసింది.

పెద్దవ్వ మంచం మీద ఇంత పిడికెడు ఉండాది. జుట్టు మాత్రం అట్లే ఉండాది, తెల్లగా, చిక్కు పట్టి. అవ్వను పైనించి కిందికి సూసింది.

"వచ్చినావా మే? నాలుగు దినాలు నడిచి వచ్చినావా, రైల్లోనా?"

"కార్డు ఆలస్యమైంది" అని అవ్వ.

నేను నోరు తెరిస్తే, అవ్వ నా వైపు సూసిన సూపుకు మూసుకున్నాను. ఆ ఇంట్లో మా ఇద్దరికి మాత్రమే తెలిసిన సంగతి అది.

ఆ ఊర్లో కరువు లేకుండా కాదు. కానీ ఇంజన్లకు నీళ్ళు ఆపరు కదా. చిన్నాయన పోయి, డ్రైవరుతో మాట్లాడుకొని, ఇంజన్ గొట్టం నించి పొగలు కక్కే వేన్నీళ్ళు రెండు బకెట్లు తెచ్చినాడు. చల్లనీళ్ళు ఒక అండా నిండా. పెద్దవ్వను పీట మీద కూచోబెట్టి, వెనకాల కోడలు ఆనించుకొని పట్టుకునింది. అవ్వ చీర ఎగగట్టి, నూనె అంటి, శీకాయ కలిపి, మొదుటి చెంబు పోసింది. నిజానికి పోయలా, చిలకరించింది. చేతికి అలవాటు అయిపోయింది అది.

"ఏమ్మే" అనింది పెద్దవ్వ కండ్లు మూసుకొనే, "తలకు పోస్తా ఉండావా, తీర్థం ఇస్తా ఉండావా?"

"ఊర్లో మేము ఒక చెంబుతో ఒళ్ళంతా కడుక్కుంటా ఉండాము అక్కా. నీకేం తెలుసు?"

"పప్పులో అయితే బాగానే పోసినావే ఆ దినం."

ఇంక అయిపోయింది, అని నేను గోడకు ఆనుకున్నాను. మళ్ళా ఇరవై ఏండ్లు అని. అవ్వ చేయి చెంబులో ఆగింది. ఆ తర్వాత, నేను పుట్టిన నాటి నించి సూడని పని ఒకటి చేసింది. చెంబు పక్కన పడేసి, బకెట్టే ఎత్తి, సగం నీళ్ళు ఒక్కసారిగా పెద్దవ్వ నెత్తిన కుమ్మరించింది.

"ఇప్పుడు ఈదు!"

పెద్దవ్వకు నవ్వు, దగ్గు ఒకేసారి వచ్చినాయి. అవ్వ కూడా నవ్వింది, తడిసిపోయి. ఆ నీళ్ళు మోరీలో పడి వీధిలోకి పారతా ఉంటే నేను ఒక్కణ్ణే వాటి వెనకాల సూస్తా ఉన్నాను, పట్టుకోవాల్సింది ఏమో అన్నట్టు. నాకు తిరుపతి అలవాటు ఇంకా పోలా.

తల రుద్ది రుద్ది, చిక్కు తీసి, అవ్వ తెచ్చిన పాత చీరతో తుడిచి, సాంబ్రాణి పట్టింది. పెద్దవ్వ ఇంత అన్నం అడిగి తినింది. కోడలు నోరు తెరిచి సూసింది, పది దినాలుగా గంజే దిగలేదంట ఆమెకు.

సాయంత్రం రైలుకు పోతామని చెప్పి వచ్చినాము కదా, నేను మూట ఎత్తుకున్నాను. పెద్దవ్వ మంచం మీద నించి అవ్వ చేయి పట్టుకునింది.

"రేపు కూడా పోస్తావా?"

"దినమూ ఎవురన్నా తలకు పోసుకుంటారా? తిరుపతిలో వింటే నవ్వుతారు. వారానికి ఒక దినమే."

"అట్లయితే వారం ఉండు."

అవ్వ నా చేతిలో మూట పెరుక్కుని మంచం కిందికి తోసింది.

"నువ్వు పో" అనింది నాతో. "అమ్మతో చెప్పు, నా వంతు చెంబు గుర్రానికి పొయ్యమని."